ముక్కనుమనాడు బోటెక్కాలంటే కనుమ రాత్రి నుంచే జాగ్రత్తపడండి

సంక్రాంతికి వారం ముందు నుంచీ నన్ను అందరూ ఒకటే ప్రశ్న అడుగుతారు. మా అపార్ట్‌మెంటులోని తెలుగువాళ్ళూ అదే, పండక్కి నెల్లూరు నుంచో సూళ్ళూరుపేట నుంచో చెన్నై వచ్చే చుట్టాలూ అదే: “బోటు నడిపేది వాళ్ళు కదా, మనం ఒక బీరు తాగి కూర్చుంటే ఏమవుతుంది?” ఏటా ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకంటే అంతా ఒకచోట రాసిపెడుతున్నాను.

ముందు ఆ ప్రశ్నకే జవాబు. బస్సులో తాగినవాడు తూలితే వాడొక్కడే పడతాడు. బోటులో తూలితే బోటే ఒరుగుతుంది. 2009 సెప్టెంబరు 30న కేరళలోని తేక్కడిలో టూరిస్టు బోటు తిరగబడి 45 మంది చనిపోయారు. బోటులో లోపాలున్నాయి, ఎక్కినవాళ్ళూ ఎక్కువే. దానికి తోడు గట్టున జంతువులు కనబడ్డాయని జనం ఒక పక్కకి జరిగారు, అంతటితో ఒరిగిపోయింది. మామూలు మనుషులు ఒక పక్కకి జరిగితేనే ఇంత జరిగింది. కాళ్ళు నిలవనివాళ్ళు నలుగురుంటే ఎలా ఉంటుందో ఊహించండి. అందుకే ఇక్కడ మందు నియమం బోటు నడిపే సరంగు ఒక్కడికే కాదు, ఎక్కే ప్రతి ఒక్కరికీ.

ఇంకొక సంగతి. మన ఊళ్ళలో “కనుమనాడు కాకైనా కదలదు” అంటారు. ఆ రోజంతా ఇంట్లోనే, మాంసం, మినపగారెలు, మగవాళ్ళున్న చాలా ఇళ్ళలో సీసా. చెన్నై జనం షికార్లకని ఊరి మీద పడే కాణుమ్ పొంగల్ ఆ మర్నాడు, అంటే మన ముక్కనుమ రోజున వస్తుంది. మనవాళ్ళు తాగే రాత్రికీ బోటెక్కే పొద్దుకీ మధ్య ఒక్క నిద్రే తేడా. అసలు ప్రమాదం అక్కడే ఉంది.

సిద్ధం చేసుకోవాల్సినవి

- ఆ రోజుకి ఒక పెద్ద. వయసులో పెద్ద కానక్కర్లేదు. కనుమ రోజు నుంచే చుక్క ముట్టనివారు, “వద్దు” అంటే అందరూ వినేవారు అయితే చాలు. మా ఇంట్లో ఆ పని మా వదినది.
- మూత గట్టిగా బిగిసే 5 లీటర్ల ఖాళీ నీళ్ళ క్యాను, దాని పిడికి కట్టిన 15 మీటర్ల నైలాన్ తాడు. ఎందుకో కింద చెబుతాను.
- ఒక విజిల్, ఫోనుకి నీళ్ళు చొరబడని కవరు, చెరగని ఇంకు మార్కరు.
- మనిషికి కనీసం లీటరు మంచినీళ్ళు, మజ్జిగ, ఓఆర్‌ఎస్ పొట్లాలు, టోపీలు.
- పొడి బట్టలు ఒక జత, తువ్వాళ్ళు.
- ఏటా నీళ్ళ మీదికి వెళ్ళే కుటుంబమైతే పిల్లలకు వాళ్ళ బరువుకి సరిపడే లైఫ్ జాకెట్లు సొంతంగా కొనుక్కోండి. రద్దీ రోజున రేవు దగ్గర చిన్న సైజులే ముందు అయిపోతాయి.

1. కనుమ రాత్రే లెక్క కట్టండి

చాలామంది “రాత్రి తాగాం, పొద్దునకి దిగిపోయింది” అనుకుంటారు. నిద్రలేచాక తల తేలికగా ఉంటే ఒంట్లో మందు లేదని కాదు. లెక్క ఇలా వేయండి.

60 మిల్లీలీటర్ల పెగ్గులో, అంటే 42.8 శాతం ఉండే బ్రాందీ, విస్కీ లాంటివాటిలో, దాదాపు 20 గ్రాముల ఆల్కహాలు ఉంటుంది. 180 మిల్లీలీటర్ల క్వార్టరులో 60 గ్రాములు, 375 మిల్లీలీటర్ల హాఫ్‌లో సుమారు 125. 8 శాతం ఉండే 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ బీరు సీసాలో 40. మన కాలేయం గంటకు సుమారు 7 నుంచి 10 గ్రాములు మాత్రమే ఖర్చు చేయగలదు. ఎవరిది ఎంత వేగమో బయటికి తెలియదు కాబట్టి 7తోనే భాగించండి.

పెగ్గుకి 3 గంటలు. స్ట్రాంగ్ బీరుకి 6. క్వార్టరుకి 9. హాఫ్‌కి 18. ఆఖరి గుక్క తాగిన గంట నుంచి లెక్కపెట్టండి.

ఉదాహరణకి మీ బావగారూ ఆయన స్నేహితుడూ కనుమ రాత్రి ఒక ఫుల్ బాటిల్ పంచుకుని 12కి ముగించారనుకోండి. ఒక్కొక్కరికీ హాఫ్ పడింది. ముక్కనుమ సాయంత్రం 6 దాకా బావగారు బోటెక్కకూడదు. పొద్దున ఇడ్లీ తిన్నా, ఫిల్టర్ కాఫీ తాగినా, చన్నీళ్ళు పోసుకున్నా ఈ లెక్క ఒక్క గంట కూడా తగ్గదు. కాఫీ నిద్రమత్తు వదిలిస్తుంది, రక్తంలోని మందును తొలగించలేదు. లెక్క పూర్తయ్యాక కూడా నీరసం, తలతిప్పు ఉంటే ఇంకో మూడు నాలుగు గంటలు ఆగండి.

సరిచూసుకోవడానికి ఒక చిన్న పరీక్ష: ఒంటికాలి మీద 30 సెకన్లు నిలబడమనండి. కాలు కింద పెట్టేస్తే బోటు లేదు. నిలబడగలిగినా గంటల లెక్క మాత్రం తప్పదు. అలవాటు పడ్డవాళ్ళు మత్తులోనూ నిలబడగలరు.

తిరువళ్ళువర్ దినం సంక్రాంతి మర్నాడే వస్తుంది, ఆ రోజు టాస్మాక్, అంటే తమిళనాడు ప్రభుత్వ మందు దుకాణాలు మూసి ఉంటాయి. అందుకని ముందే రెండు రోజులకు సరిపడా కొని ఇంట్లో పెట్టేస్తారు, ఎదురుగా ఉంది కదా అని ఎక్కువ తాగేస్తారు. కొనేటప్పుడే తగ్గించి కొనడం తేలిక. ఇంకా మంచి దారి, ఇంట్లో తాగేవాళ్ళుంటే ముక్కనుమ రోజు షికారు మానేసి ఆ తర్వాత వచ్చే మామూలు రోజున పెట్టుకోండి. రద్దీ కూడా తప్పుతుంది.

2. చోటు, వేళ ఎంచుకోండి

చెన్నై నుంచి ఈస్ట్ కోస్ట్ రోడ్డు (ఈసీఆర్) మీద సుమారు 36 కిలోమీటర్ల దూరంలో ముట్టుకాడు, ఇంకా కిందికి, చెన్నై నుంచి సుమారు 90 కిలోమీటర్ల దూరంలో ముదలియార్‌కుప్పం. రెండుచోట్లా తమిళనాడు పర్యాటక సంస్థ బోట్‌హౌస్‌లున్నాయి. టికెట్టు, రేవు, జాకెట్లు ఉండే ఇలాంటి చోటికే వెళ్ళండి.

పులికాట్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే సూళ్ళూరుపేట వైపు నుంచి వచ్చేవాళ్ళకి అది సొంత చెరువులా అనిపిస్తుంది. 2011 డిసెంబరు 25న, క్రిస్మస్ సెలవు రోజు, అక్కడ పడవ తిరగబడి 22 మంది పోయారు. షికారుకని వెళ్ళిన కుటుంబాలు. ఆ తర్వాత అక్కడ టూరిస్టులను పడవల్లో తిప్పడం నిషేధించారు. గట్టున ఎవరైనా వచ్చి “చేపల పడవుంది, లోపలికి తీసుకెళ్తాం” అంటే దండం పెట్టి వచ్చేయండి. చెరువు సముద్రంలో కలిసే చోట నీటి లాగుడు పైకి కనబడదు.

వేళ సంగతికొస్తే, పొద్దున తెరవగానే వెళ్ళండి. మధ్యాహ్నం దగ్గరపడేకొద్దీ సముద్రపు గాలి పుంజుకుని నీళ్ళు ఎగుడుదిగుడవుతాయి. పెడల్ బోటు తీసుకున్నవాళ్ళు గాలి వాలున హాయిగా వెళ్ళిపోతారు, ఎదురుగాలిలో తిరిగి రాలేక చిక్కుకుంటారు. ముందు గాలికి ఎదురుగా తొక్కండి, తిరిగి వచ్చేటప్పుడు గాలే తోస్తుంది. ఉరుము వినబడితే టికెట్టు డబ్బులు పోయినా సరే ఎక్కవద్దు.

3. సీసా ఇంట్లోనే ఉండాలి

కారు డిక్కీలో ఉన్నది బోటులోకి వస్తుంది. ఇది నేను చాలాసార్లు చూశాను. కూల్‌డ్రింకు సీసాలో కలిపి తెచ్చేవాళ్ళూ ఉంటారు, దాన్ని పొరపాటున పిల్లలు తాగే ప్రమాదం కూడా ఉంది. బయల్దేరేముందు బ్యాగులన్నీ ఆ రోజుకి పెద్దగా ఉన్నవారు ఒకసారి చూడాలి. అవమానం అనుకోకుండా ఉండాలంటే అందరి బ్యాగులూ చూడాలి, ఒక్క బామ్మర్దిది మాత్రమే కాదు.

ఒడ్డున తాగితే కూర్చుని తాగుతాం. నీళ్ళ మీద ఎండ, గాలి, ఇంజను కుదుపు కలిసి తాగకపోయినా మనిషిని అలసటకు గురిచేస్తాయి. దాని మీద మందు పడితే ఒంట్లో నీరు తగ్గుతుంది, చెవిలో ఉండే తూకం చెడుతుంది. నీళ్ళలో పడితే పైకేదో కిందేదో తెలియదు. నడుం లోతు నీళ్ళు చాలు.

లెక్క కుదరనివాళ్ళని తిట్టి పంపకండి. ఒడ్డున నీడలో కూర్చుని సామాను చూసుకోమనండి. చిన్నపిల్లల్ని మాత్రం వాళ్ళకి అప్పగించవద్దు. ముట్టుకాడు దగ్గరే దక్షిణచిత్ర అనే మ్యూజియం ఉంది, అక్కడి పాత ఇళ్ళు పిల్లలకు చూపించడానికి చాలా బాగుంటాయి. బోటెక్కడం ఇష్టంలేని పెద్దవాళ్ళు పిల్లల్ని అటు తీసుకెళ్ళవచ్చు.

4. ఎక్కేముందు బోటును చూడండి

బోటు మీద ఎంతమంది ఎక్కవచ్చో రాసి ఉందా? ఉంటే తలలు లెక్కపెట్టండి. ఒళ్ళో బిడ్డ కూడా ఒక తల, సరంగు కూడా ఒక తల. సంఖ్య దాటితే దిగిపోండి. ఎన్ని తలలో అన్ని జాకెట్లు ఉండాలి. బోటు అడుగున నీళ్ళు నిలిచి ఉన్నాయా, జనం ఎక్కాక అంచుకీ నీటికీ మధ్య జానెడు ఎడమైనా లేదా, ఇవి ఒడ్డు నుంచే కనబడతాయి.

సరంగును కూడా గమనించండి. “తాగావా” అని అడిగితే గొడవవుతుంది. దగ్గరగా నిలబడి రెండు మాటలు కలపండి, వాసన, కళ్ళు, మాట తెలిసిపోతాయి. అనుమానం వస్తే ఎక్కవద్దు, కారణం చెప్పక్కర్లేదు.

తమిళం రానివాళ్ళకి ఈ నాలుగు మాటలు చాలు. “అణ్ణా, ఎత్తన పేర్ ఏఱలాం?” అంటే ఎంతమంది ఎక్కవచ్చు అని. “కుళందైక్కు చిన్న జాకెట్ కుడుంగ” అంటే బిడ్డకి చిన్న జాకెట్ ఇవ్వండి అని. “కొంజం మెదువా పోంగ” అంటే కాస్త మెల్లగా పోనివ్వండి అని. “వేణాం అణ్ణా, అడుత్త బోట్ల వరోం” అంటే వద్దన్నా, తర్వాతి బోటులో వస్తాం అని. నాలుగోది సిగ్గుపడకుండా వాడండి.

5. లైఫ్ జాకెట్ తొడగడం కాదు, బిగించడం

ఇక్కడ నా తప్పు చెప్పాలి. కొన్నేళ్ళ క్రితం ఒక బ్యాక్‌వాటర్‌లో మా చెల్లెలి ఐదేళ్ళ కూతురికి జాకెట్ నేనే కట్టాను. పెద్దవాళ్ళ సైజు. “కొంచెం లూజు, పర్లేదు” అనుకున్నాను. ముందు రాత్రి తాగిన మా బంధువొకాయన ఫోటో కోసం లేచి నిలబడ్డాడు, బోటు ఒరిగింది, పాప జారింది. సరంగు జాకెట్ భుజం పట్టుకుని లాగితే జాకెట్ పైకి వచ్చింది, పాప కిందే ఉంది. రెండో చేత్తో జుట్టు పట్టుకుని తీశాడు. జాకెట్ లోంచి ఆ చిన్న తల జారిపోవడం నాకింకా కళ్ళముందే ఉంది. అందుకే ఈ పరీక్ష లేకుండా ఎవర్నీ ఎక్కనివ్వను:

క్లిప్పులన్నీ పెట్టి, పట్టీలు లాగి బిగించండి. చేతులు రెండూ పైకెత్తమనండి. భుజాల దగ్గర పట్టుకుని జాకెట్‌ను గట్టిగా పైకి లాగండి. గడ్డం దాటి చెవుల దాకా వస్తే లూజు. ఇంకా బిగించండి, అయినా వస్తే చిన్నది అడగండి. చిన్నపిల్లలకు కాళ్ళ మధ్య నుంచి వచ్చే పట్టీ తప్పనిసరి. జాకెట్‌కి ఆ పట్టీ లేకపోతే, చిన్న సైజు దొరక్కపోతే, బిడ్డను ఎక్కించవద్దు. ఏడుస్తుంది, ఏడవనివ్వండి.

జాకెట్‌ను కూడా చూడండి. లోపలి ఫోమును నొక్కి వదిలితే మళ్ళీ ఉబ్బాలి. నొక్కిన చోట గుంటగా ఉండిపోతే, ముక్కలుగా విరిగినట్టు తగిలితే, క్లిప్పు విరిగి తాడుతో ముడేసి ఉంటే మార్చమనండి.

తరచూ చూసే పొరపాట్లు: ఉక్కపోస్తోందని బోటు కదలగానే క్లిప్పులు తీసేయడం. ఫోటోలో పట్టుచీర కనబడాలని జాకెట్ ఒళ్ళో పెట్టుకోవడం. ఈతొచ్చు కదా అని వదిలేయడం, మత్తులో ఉన్నవాడికి ఈత రాదనే అనుకోండి. ఆ రోజుకి చీర, పంచె బదులు చుడీదారు, ప్యాంటు మంచివి. కుచ్చిళ్ళు కాళ్ళకి చుట్టుకుంటాయి.

6. ఎక్కడం, కూర్చోవడం

ఒక్కొక్కరుగా, బోటు మధ్యలో కాలు పెట్టి ఎక్కండి, వెంటనే కూర్చోండి. బరువు రెండు పక్కలా సమానంగా పడాలి. పిల్లల్ని లోపలివైపు కూర్చోబెట్టండి. గది లాంటి బోటైతే కిటికీ, తలుపు దగ్గరున్న సీటు ఎంచుకోండి. తిరగబడితే లోపల ఇరుక్కుపోకూడదు.

సెల్ఫీ ఒడ్డున తీసుకోండి. బోటులో ఎవరు నిలబడినా ఆ రోజుకి పెద్దగా ఉన్నవారు విజిల్ ఊదాలి, ఊదగానే కూర్చోవాలి. ఈ మాట బయల్దేరేముందే అందరిచేత అనిపించండి. పక్కన స్పీడ్ బోటు పోయినప్పుడు అల వస్తుంది. అటు వంగి చూడకుండా సీటు పట్టుకుని కూర్చోండి.

7. ఎవరైనా నీళ్ళలో పడితే

దూకవద్దు. తాగినవాణ్ణి కాపాడబోయి తాగనివాడు పోయిన ఇళ్ళున్నాయి. “ఇంజను ఆపు” అని అరవండి, పంఖా తిరుగుతుంటే దగ్గరికి వెళ్ళకూడదు. ఒకరు పడినవాళ్ళ మీంచి చూపు తిప్పకుండా వేలు చూపిస్తూ ఉండాలి. క్యాను విసరండి. మూత బిగించిన ఖాళీ 5 లీటర్ల క్యాను ఒక మనిషి తల నీటిపైన ఉంచడానికి సరిపోతుంది. తాడు చివర మీ చేతిలో ఉండాలి, నడుముకి కట్టుకోకూడదు. పడినవాళ్ళ తలకి కాస్త అవతలగా పడేలా విసిరి మెల్లగా లాగండి. పండగకి ముందు మేడ మీద పది నిమిషాలు విసిరి చూసుకోండి. మొదటిసారి అందరిదీ పక్కకే పోతుంది.

బోటే తిరగబడితే దాన్నే పట్టుకుని ఉండండి. ఒడ్డు దగ్గరగా కనిపించినా ఈదవద్దు.

బయటికి తీశాక పొట్ట నొక్కడం, తలకిందులుగా పట్టుకుని తిప్పడం చేయకండి. అవి మన ఊళ్ళలో ఇంకా చేస్తున్నారు, దానివల్ల సమయం పోతుంది, పొట్టలోది ఊపిరితిత్తుల్లోకి వెళుతుంది. శ్వాస లేకపోతే తల వెనక్కి వాల్చి, ముక్కు మూసి, నోట్లో నోరు పెట్టి 2 సార్లు ఊదండి. తర్వాత ఛాతీ మధ్యలో గట్టిగా 30 నొక్కులు, మళ్ళీ 2 శ్వాసలు. నిమిషానికి 100 నుంచి 120 నొక్కుల వేగంతో, సాయం వచ్చేదాకా ఆపకుండా.

నంబర్లు ముందే ఫోనులో వేసుకోండి: అన్ని అవసరాలకీ 112, అంబులెన్సుకి 108, తమిళనాడు తీర పోలీసులకి 1093, సముద్రంలో అయితే కోస్ట్‌గార్డుకి 1554.

8. మెరీనాకి వెళ్ళినా ఇదే

బోటు దొరక్క బీచ్‌కి మళ్ళేవాళ్ళు చాలామంది. కాణుమ్ పొంగల్ రోజు మెరీనాలో నీళ్ళలో దిగనివ్వరు, పోలీసులు అడ్డు కడతారు. పిల్లల చేతికి ఫోన్ నంబరున్న పట్టీ కడతారు, తప్పకుండా కట్టించుకోండి. బోట్‌హౌస్ దగ్గర అది ఉండకపోవచ్చు, అందుకే మార్కరు తెమ్మన్నాను. ముంజేతి మీద నంబరు రాయండి.

9. తిరుగు ప్రయాణం

బోటు దిగాక “ఇప్పుడు పర్లేదు కదా” అని సీసా వెతికేవాళ్ళుంటారు. అంతదాకా నిగ్రహించుకున్నవాళ్ళు అక్కడ జారతారు, మళ్ళీ రేవు అంచునే కూర్చుంటారు. మొదటి అంచెలో వేసిన గంటల లెక్కే కారు నడిపేవాళ్ళకీ వర్తిస్తుంది. చట్ట ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటకూడదు, దాటితే మొదటిసారికే 10,000 రూపాయల జరిమానా, లేదా 6 నెలల దాకా జైలు, లేదా రెండూ. తాళాలు ఆ రోజు పెద్ద దగ్గరే ఉండాలి. కారెక్కేటప్పుడు మరోసారి తలలు లెక్కపెట్టండి.

ఎవరైనా నీళ్ళలో పడి మింగి ఉంటే, బాగానే ఉన్నట్టు కనిపించినా ఆస్పత్రిలో ఒకసారి చూపించి ఇంటికి తీసుకెళ్ళండి. ఆ రాత్రి ఆగని దగ్గు, ఆయాసం, మామూలు కాని మగత కనబడితే తెల్లారేదాకా ఆగకుండా మళ్ళీ తీసుకెళ్ళండి. పడినవాళ్ళు తాగి ఉంటే మగత మందువల్లే అనుకుని వదిలేస్తారు. అలా వదిలేయకండి, గంటకోసారి లేపి మాట్లాడించండి.